ముందు భుజం

నేను ఒక మేనాను. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఊళ్లు దాటడానికి తయారైన పెట్టెను. నాకు కాళ్లు లేవు. నాలో కూర్చునేవాళ్లకు కాళ్లున్నా వాటితో పని లేదు. కాళ్లతో పనిచేసేవాళ్లకు నాలో చోటు లేదు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు గాని, చాలా ఏళ్లు నాకిది ఎండ పడమటికి వాలినంత సహజంగా కనిపించింది.

నైజాం రాజ్యంలో, మోదుగులకుంట దొర ఉండే గడీ ముందర నన్ను చేశారు. వడ్రంగి బ్రహ్మయ్యా ఆయన తమ్ముడూ నాలుగు నెలలు కష్టపడి టేకు పలకల మీద చిలకలు చెక్కారు, వెనుక పలకకు పైన చిన్న జాలీ పెట్టారు, గాలి ఆడడానికి. ఇద్దరిదీ కూలి లేని వెట్టి పనే. ఆ నాలుగు నెలలూ వాళ్ల చేలో కలుపు తీసే దిక్కు లేకపోయిందనీ, పని ముగిశాక చెరొక కొబ్బరికాయ ఇచ్చి పంపారనీ తర్వాత నన్ను మోసే బోయీలు చెప్పుకుంటుంటే విన్నాను.

నాలో చాలామంది ఎక్కారు. తాంబూలం పెట్టె లేకుండా కదలని పెద్ద దొరసాని. గురక పెడుతూ ఊళ్లు తనిఖీ చేసిన తాసీల్దారు. వాళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పవలసింది రుక్మాబాయి గురించి.

ఆమె మురహరిరావు దొరకు ఒక్కగానొక్క చెల్లెలు. పదకొండేళ్లప్పుడు పెళ్లికూతురుగా నాలో ఎక్కి అత్తవారింటికి పోయింది. పద్నాలుగేళ్లప్పుడు తెల్ల చీర కట్టుకుని నాలోనే తిరిగొచ్చింది. రెండుసార్లూ దారి పొడుగునా ఏడ్చింది. రెండోసారి మాత్రం బరువు తక్కువుందని బోయీలు అనుకున్నారు.

దొర చెల్లెలిని బాగానే చూసుకున్నాడు. గదినిండా పుస్తకాలు, వెండి గ్లాసులో పాలు, పనికి ఇద్దరు దాసీలు. కాలికింద నేల తప్ప అన్నీ ఇచ్చాడు. గడీ ఆడవాళ్లు బయట నడవకూడదు, బయటివాళ్ల కంట పడకూడదు. ఆమెకున్న బయట ఒక్కటే. ప్రతి గురువారం నాలుగు మైళ్ల అవతల ఎర్రబాడులో ఉన్న మేనత్త దగ్గరికి వెళ్లడం. మేనత్తకు చూపు పోయింది. పట్నం నుంచి వచ్చిన పత్రికలు రుక్మాబాయి ఆమెకు చదివి వినిపించేది. అప్పటికి రుక్మాబాయికి ఇరవై మూడేళ్లు.

నన్ను మోసే పద్ధతి మీకు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నన్ను మోసే పొడవాటి కర్ర, దండెకు ముందు ఇద్దరు, వెనుక ఇద్దరు. అలసిన భుజం మార్చడానికి మరో ఇద్దరు పక్కన నడుస్తారు. అందరికంటే ముందుండేవాణ్ని ముందు భుజం అంటారు. దారి కనపడేది అతనికే. రాయి వస్తే ‘రాయి’ అని, గుంత వస్తే ‘గుంత’ అని అరుస్తాడు. ఆ అరుపును బట్టి వెనుకవాళ్లు అడుగు వేస్తారు. వెనుకవాడి కళ్లముందు ఉండేది నా పలక ఒక్కటే. మైళ్లకు మైళ్లు అదే పలక.

ముందు భుజం గంగులు. బెస్తవాడకు పెద్ద, ముప్పై ఏళ్లుగా నన్ను మోసినవాడు. నా పలకను ఆనుకుని వెనుక నడిచేవాడు అతని కొడుకు ముత్యాలు. అంటే రుక్మాబాయి వీపుకూ ముత్యాలు ఛాతీకీ మధ్య ఉన్నది అంగుళం మందం టేకు చెక్క. నేనే.

ఒక వేసవి గురువారం, ఎర్రబాడు తోవలో ముత్యాలు కాల్లో తుమ్మముల్లు దిగింది. అతడు ఆగలేదు. ఆగితే మేనా ఊగుతుంది, ఊగితే దెబ్బలు. అడుగు మాత్రం మారింది. లోపలినుంచి గొంతు వినిపించింది.

"వెనుక ఎవరో కుంటుతున్నారు. ఎవరు?"

మేనాలోంచి ఎవరైనా బోయీలను పలకరించడం నేను వినడం అదే మొదటిసారి. తిట్టడం, దగ్గడం, నీళ్లడగడం విన్నాను. ఇలా అడగడం వినలేదు. ఆరుగురూ బిగుసుకుపోయారు.

"ఏం లేదు దొరసానీ, బాంచెన్," అన్నాడు గంగులు.

"దించండి."

దించారు. పరదా కొద్దిగా జరిగింది. ఒక చెయ్యి, దానిలో పిన్నీసు. ముత్యాలు దాన్ని తీసుకుని ముల్లు తీసుకున్నాడు. మళ్లీ తుడిచి ఇవ్వబోతే, "ఉంచుకో. దారి నిండా ముళ్లేగా," అంది.

అంతే జరిగింది. ఆపైన నాలుగు గురువారాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయిదో గురువారం జాలీ దగ్గర మెల్లగా ముత్యాలు గొంతు.

"దొరసానీ, ఒకటి అడుగుతా, కోపం జెయ్యొద్దు. మీరు అత్తమ్మకు సదివే కాగితాలల్ల దొరల మాటలే ఉంటయా? మా మాటలు గూడ ఉంటయా?"

ఆమె జాలీ వైపు తల తిప్పింది. తర్వాత అంది, "రాస్తే ఉంటాయి."

"ఎవలు రాయాలె?"

"నేర్చుకుంటే నువ్వే."

అలా మొదలైంది. సగం దారిలో ఒక వాగు ఉంది. బోయీలు నీళ్లు తాగడానికి దిగినప్పుడు రుక్మాబాయి నా చాటున దిగి, వెనుక పలక మీద సుద్దతో ఒక అక్షరం రాసేది. ఏమిటో చెప్పి, లోపలికి వెళ్లి పరదా వేసుకునేది. మిగతా రెండు మైళ్లూ ముత్యాలు కళ్లముందు ఆ అక్షరమే. ‘అ’ను మోసుకుంటూ వెళ్లేవాడు, ‘ఆ’ను మోసుకుంటూ వచ్చేవాడు. ఊరు కనపడగానే తలగుడ్డతో తుడిచేసేవాడు. బ్రహ్మయ్య చెక్కిన చిలకల్ని చూసి నన్ను మెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కాని నా మీద రాసిన గీతను ఒక మనిషి అంత ఆకలిగా చూడగలడని నాకు తెలియదు.

గంగులుకు అంతా తెలుసు. మొదట్లో కొడుకును వాగు దగ్గర పక్కకు లాగి, "పానం మీదికి తెస్తున్నవ్‌రా," అన్నాడు. ముత్యాలు తలొంచుకుని, "అయ్యా, నీ పేరు ఎట్ల రాస్తరో తెల్సా?" అని ఇసుకలో వేలితో రాసి చూపించాడు. గంగులు చాలాసేపు దాన్ని చూశాడు. తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి దండె ఎత్తుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ వద్దనలేదు.

వానలు వచ్చి పోయేసరికి ముత్యాలు కూడబలుక్కుని చదవడం నేర్చాడు. ఒకరోజు రుక్మాబాయి జాలీలోంచి మడిచిన కాగితం ఒకటి జారవిడిచింది. వెట్టి చేయించుకోవడం తప్పని సర్కారు ఎప్పుడో రాసిన హుకుం అది. అన్నగారి బీరువాలో ఏళ్లతరబడి పడి ఉంటే చూసి నకలు రాసింది. ఆ సాయంత్రమే ముత్యాలు దాన్ని బెస్తవాడలో చదివాడట. తర్వాత చాకలివాడలో, మాదిగవాడలో. చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే దొరలను ఎదిరించే సంఘం వచ్చింది. పన్నెండు మైళ్ల అవతల గట్టుపల్లిలో జనం ఎర్రజెండా ఎత్తి దొర మనుషులను ఊళ్లోకి రానివ్వడం లేదని చెప్పుకునేవాళ్లు. మోదుగులకుంటలో మాత్రం ఆ కాగితం వచ్చేదాకా ఎవరూ తలెత్తలేదు.

ఆ రోజుల్లోనే ఒక గురువారం వాగు దగ్గర ఆమె అతనితో అంది.

"ఇంక నన్ను దొరసాని అనకు."

"మరేమనాలె?"

"నాకు పేరు లేదా?"

"ఉన్నది. నోటికి రాదు."

"అయితే చేత్తో అను," అని సుద్దముక్క ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఆమె వేళ్లు అతని అరచేతిలో ఒక్క క్షణం ఆగాయి. వాగు నీళ్లు పోతూనే ఉన్నాయి. మిగిలిన అయిదుగురు బోయీలూ అటు తిరిగి, ఎప్పుడూ చూడని కొండను చూస్తున్నట్టు నిలబడ్డారు.

ముత్యాలు నా పలక మీద రాశాడు. పెద్ద అక్షరాలు, వంకరగా. ‘రుక్మ’. బాయి లేదు, దొరసాని లేదు. ఆమె దాన్ని చదివి లోపలికి వచ్చి కూర్చుంది. ఆ రెండు మైళ్లూ ఆమె వీపు పలకకు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది.

ఊరు దగ్గరపడుతుండగా ఎదురుగా గుర్రం వచ్చింది. దాని మీద దొర.

"అత్తమ్మ ఎట్లున్నది రుక్మా?" అని అడిగి, గుర్రాన్ని తిప్పి మేనా పక్కనే నడిపించాడు. తుడవడానికి వీలు లేదు. ముత్యాలు ఒక అడుగు ముందుకు జరిగి ఛాతీని పలకకు అదిమి పెట్టాడు. మోకాళ్లు నాకు కొట్టుకుంటున్నా అలాగే మైలు దూరం నడిచాడు. అతని గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. ఇవతల ఆమెది కూడా. రెండు గుండెల మధ్య నేను చెక్కముక్కను, అదిరిపోతూ.

గడీ వాకిట్లో దించాక బోయీ వెనక్కి తగ్గాలి. ముత్యాలు తగ్గాడు. పలక మీద పేరు సగం చెరిగి ఉంది. మిగతా సగం అతని నల్లటి ఛాతీ మీద, తిరగబడి, తెల్లగా ఉంది.

దొర ముందు పలకను చూశాడు, తర్వాత ఛాతీని చూశాడు.

"ఎవడు రాసిండ్రా ఇది?"

గంగులు ముందుకొచ్చాడు. "నేనే దొరా."

"నువ్వా? మళ్లొకసారి రాయి."

గంగులు సుద్ద పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు దండె పట్టిన చెయ్యి. పలక మీద ఒక గీత గీసి ఆగిపోయాడు. గడీ కాపలా జమాదారు కొరడా తీశాడు. మూడో దెబ్బకు ముత్యాలు, "రాసింది నేను!" అని అడ్డంగా వచ్చాడు. అప్పుడు పరదా పూర్తిగా తొలిగింది. మగవాళ్లందరూ చూస్తుండగా, పట్టపగలు, రుక్మాబాయి వాకిట్లో దిగి నిలబడింది.

"నేర్పింది నేను, అన్నా. కాగితం ఇచ్చింది కూడా నేనే. ఆ ముసలాయన్ని కొట్టకు."

దొర అరవలేదు. అతనికి కోపం కన్నా సిగ్గెక్కువ వేసినట్టుంది. "రేపు పొద్దుటి రైలుకు నిన్ను పట్నం పంపుతున్న. అక్కడ మామ ఇంట్ల నీకొక గది ఉంటది, దానికి బయటినుంచి గొళ్లెం ఉంటది," అన్నాడు. తర్వాత ముత్యాలు వైపు చెయ్యి చూపి, "స్టేషను దాక ఈడే మోస్తడు. మోసి, జమాదారు ఎంట మళ్ల నా ముందటికి వస్తడు. అప్పుడు చెప్త ఈనికి," అన్నాడు. మనుషుల తెలివి ఎంత దూరం పోతుందో ఆరోజు నాకు తెలిసింది. అతని చేతే ఆమెను పంపించాలట.

తెల్లవారేసరికి ఇద్దరు బోయీలు ఊరు విడిచిపోయారు. ఇక నలుగురే. వీపు మీద వాతలతో గంగులే ముందు భుజం పట్టాడు. జమాదారు భూమయ్య, మరో బంట్రోతు చెరొక తుపాకీతో పక్కన నడిచారు. స్టేషను పదకొండు మైళ్లు. రుక్మాబాయి జాలీకి అరచెయ్యి ఆనించింది. అటునుంచి ముత్యాలు నుదురు దానికి ఆనింది.

అయిదో మైలు దగ్గర గంగులు "రాయి" అనబోయి అనలేకపోయాడు. మోకాళ్ల మీద కూలాడు. నేను ఒరిగాను. ముత్యాలు ఎలా నిలబెట్టాడో గాని నిలబెట్టాడు.

రుక్మాబాయి దిగింది. గంగులు వీపు మీద చొక్కా రక్తంతో అతుక్కుపోయి ఉంది. ఆమె జమాదారు వైపు తిరిగింది.

"ఈయన్ని లోపల పడుకోబెట్టండి."

భూమయ్య అర్థం కానట్టు చూశాడు. "బోయిగాన్ని... మేనాలనా?"

"అవును."

"మరి ఈని జాగల ఎవలు మోస్తరు? మేం తుపాకులోళ్లం, మేం మొయ్యం."

"మిమ్మల్ని అడగలేదు," అంది.

గంగులు ఒప్పుకోలేదు. "వద్దు తల్లీ, పాపం తలుగుతది, నన్ను ఈడ్నే ఇడ్సిపెట్టుండ్రి," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ముత్యాలూ మిగతా ఇద్దరూ ఎత్తి లోపల పడుకోబెట్టారు. ముప్పై ఏళ్లు నన్ను మోసిన మనిషి బరువును నేను మొట్టమొదటిసారి మోశాను. ఎంత తేలికో! ఆ మనిషిని అంత తేలిక చేసింది నేనేనని అప్పుడు తట్టింది నాకు.

రుక్మాబాయి కొంగు నడుముకు బిగించింది. గంగులు చెప్పులు తొడుక్కుంది. అవి ఆమె పాదాలకు రెండింతలు. దండె ముందు కొసకు వెళ్లి, ఎత్తడం తెలియక ఒకసారి చూసుకుని, వంగి, భుజం పెట్టింది.

నేను ఈ లోకంలో చాలా చూశాను. పెళ్లిళ్లు, చావులు, దొరల ఊరేగింపులు. ఆ క్షణం ముందు అవన్నీ ఏపాటి! ఏనాడూ కాయ కాయని భుజం అది. అది దండెను తాకగానే వణికింది, వంగింది, తర్వాత లేచింది. నేను నేలను విడిచాను.

పదడుగులు వేసిందో లేదో ముత్యాలు కాలు గుంతలో పడింది. దారి చెప్పాలని ఆమెకు తెలియదు. అప్పుడు లోపలినుంచి, కళ్లు మూసుకునే, గంగులు గొంతు లేచింది.

"ముందట రాయున్నది తల్లీ. ఎడమకు. అటెనక ఇసుక."

చూడకుండా చెప్పాడు. దారంతా అతని ఒంట్లోనే ఉంది. కొంతదూరం అతను చెప్తుంటే ఆమె నడిచింది. తర్వాత ఆమే అరవడం మొదలుపెట్టింది. "రాయి!" "గుంత!" "ముల్లు!" తొమ్మిదేళ్లు పరదా వెనుక కూర్చుని పోయిన ఆమె దారిని చూసి చెబుతోంది. ఆ గొంతును నమ్మి వెనుక ముత్యాలు అడుగు వేస్తున్నాడు.

చేలల్లో జొన్న కోస్తున్న ఆడవాళ్లు తలలెత్తారు. ఒక ముసలమ్మ గట్టు దిగి వచ్చింది.

"మేనాల ఎవలమ్మా?"

"బోయి గంగులు," అన్నాడు వెనుకనుంచి ముత్యాలు.

"మోస్తున్న ఆ బిడ్డ ఎవలు?"

రుక్మాబాయే చెప్పింది. "మోదుగులకుంట గడీలో పుట్టాను. రుక్మ నా పేరు."

ముసలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత తన కుండలోని నీళ్లు దోసిట్లో పోసింది. రుక్మాబాయి దండె దించకుండానే తాగింది. ముసలమ్మ కొడవలి చంకన పెట్టుకుని వెంట నడిచింది. ఆమె వెనుక ఆమె కోడలు. వాళ్లను చూసి పక్క చేనివాళ్లు. కేకలు లేవు, నినాదాలు లేవు. అడుగుల చప్పుడు మాత్రం పెరుగుతూ వచ్చింది. ఊరు దాటేసరికి వందమంది, రెండో ఊరు దాటేసరికి మూడువందల మంది ఉన్నారు. కొందరి చేతుల్లో రాళ్లు విసిరే వడిసెలలు, కొందరి చంకల్లో పిల్లలు. భూమయ్య తుపాకీని భుజం మీదినుంచి దించి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కర్రలా పట్టుకున్నాడు.

తొమ్మిదో మైలు దగ్గర దారి చీలుతుంది. కుడికి స్టేషను. ఎడమకు గట్టుపల్లి.

"కుడికి! కుడికి!" అని భూమయ్య అరిచాడు.

నాలో కూర్చునేవాళ్లు ఎక్కడికి పోవాలో చెబుతారు, నిజమే. కాని నన్ను తిప్పేది ముందు భుజం. రుక్మాబాయి ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎడమకు తిరిగింది. నేను తిరిగాను, ముత్యాలు తిరిగాడు, మూడువందల మంది తిరిగారు.

భూమయ్య దారి మధ్యలో నిలబడిపోయాడు. "దొరకు నేనేం జెప్పాలె?" అన్నాడు దీనంగా.

"చూసింది చూసినట్టు చెప్పు," అంది ఆమె.

గట్టుపల్లి చావడి ముందు దించారు. ఎవరో గంగులును ఎత్తుకుపోయి పసుపూ నూనే పెట్టారు. ముత్యాలు వెనుకనుంచి చుట్టూ తిరిగి ముందుకు వచ్చాడు. మధ్యలో పలక లేకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె భుజం చర్మం లేచి ఎర్రగా ఉంది.

"నొస్తున్నదా?"

"నొస్తోంది."

"రేపు ఇంకెక్కువ నొస్తది. ఎల్లుండికి తగ్గుతది," అన్నాడు. ఆమె నవ్వింది. నేను వాళ్ల నోట విన్న ప్రేమ మాటలు ఇవే.

ఆ నెల తిరక్కుండానే మోదుగులకుంట గడీ తలుపులు జనానికి తెరుచుకున్నాయి. దొర పట్నం వెళ్లిపోయాడు. తర్వాతి అయిదేళ్ల కథ నేను చూడలేదు, విన్నదే. ఇద్దరూ సంఘంలో దండలు మార్చుకున్నారట, అడవుల్లో తిరిగారట. అక్కడ పుట్టిన మొదటి బిడ్డ జ్వరంతో పోయింది. ముత్యాలు మడమలోంచి తూటా పోయింది. రుక్మాబాయి రెండేళ్లు జైల్లో ఉంది. వాళ్లు గట్టుపల్లికి తిరిగి వచ్చేసరికి గంగులు లేడు. అంతకాలం గట్టుపల్లి చావడిలో నాకు చేతినిండా పని దొరికింది. కాన్పు కష్టమైన ఆడవాళ్లను, తేలు కుట్టినవాళ్లను, తూటా తగిలినవాళ్లను మోశాను. మోసేవాళ్లూ ఎక్కేవాళ్లూ వంతులవారీగా మారేవాళ్లు.

పోరాటం సద్దుమణిగాక, బస్సులు వచ్చాక, పాత వస్తువులు సేకరించే మ్యూజియం అధికారి ఒకాయన నన్ను చూసి ముచ్చటపడ్డాడు. ఎవరిని అడగాలో తెలియక ఊరివాళ్లు ఆయన్ని రుక్మాబాయి ఇంటికి పంపారు. గట్టుపల్లి బెస్తవాడ చివర రెండు గదుల పెంకుటిల్లట, ముందు పందిట్లో పలకలు పట్టుకున్న పిల్లలు. ఆ రోజు ఆమె నా కోసం ఏడుస్తుందేమోనని, కనీసం వెనుక పలక మీద ఒకసారి చెయ్యి వేస్తుందేమోనని ఎదురుచూశాను. నిజం చెబుతున్నాను, సిగ్గుపడను.

ఆమె చావడి దాకా రానే లేదు. "తీసుకుపోండి. ఇంక దాంతో ఎవరికి పని?" అని కబురు పంపిందట.

నన్ను లారీలో ఎక్కించారు. నా పుట్టుకలో మొదటిసారి ఏ మనిషి భుజమూ నొవ్వకుండా కదిలాను. చెరువుకట్ట మలుపు తిరిగాక రోడ్డు మీద ఇద్దరు నడిచిపోతూ కనిపించారు. ముందు ఒక ఆడమనిషి, చంకలో పుస్తకాల మూట, వడివడిగా. నాలుగడుగుల వెనుక ఒక మగమనిషి, భుజాన వల, కుంటుతూ. ఏదో విషయం మీద ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఆమె చెయ్యి ఊపుతూ ఏదో అంది. అతను ఆగి, పగలబడి నవ్వాడు.

డ్రైవరు హారను కొట్టాడు. వెనక్కి చూడకుండానే ఇద్దరూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. మేం దాటిపోయాం. వాళ్ల మాట ఇంకా ముగియలేదు.